ఎగరని పక్షికి రెండువందలు

శరదృతువు మీద మన కవులకున్నంత మోజు, వసంతాన్ని మినహాయిస్తే, మరే ఋతువు మీదా ఉన్నట్టు కనబడదు. నన్నయగారి భారత రచన అరణ్యపర్వంలో శరద్రాత్రుల వర్ణన దగ్గరే ఆగిపోయింది. పోతనగారు దశమస్కంధంలో వానలు వెలిశాయో లేదో, శరత్తుకు పీట వేసేశారు. మబ్బులు తేలిపోవడం, ఏళ్ళు తేటపడడం, వెన్నెల పిండారబోసినట్టు కాయడం, ఇవన్నీ ఇరవై ఏళ్ళుగా తరగతిలో చెబుతూనే ఉన్నాను. నెల్లూరు తీరంలో పుట్టిన పిల్లలు మాత్రం ఈ పాఠం వచ్చినప్పుడల్లా ఒకరి మొగం ఒకరు చూచుకుని నవ్వుకుంటారు. వాళ్ళ నవ్వుకు కారణం లేకపోలేదు. తక్కిన దేశంలో వానలు వెనుకపట్టు పట్టే వేళకు ఈ తీరానికి వానలు మొదలవుతాయి. ఆశ్వయుజం, కార్తికం అంటే ఇక్కడ వాయుగుండం, తుఫాను హెచ్చరిక, బడికి సెలవు, దీపావళి టపాకాయలు వంటింట్లో ఆరబెట్టుకోవడం. “మేడమ్, మన శరత్తుకు గొడుగు కావాలి” అన్నాడు ఒకసారి వెనుక బెంచీ కుర్రవాడు. పరీక్షలో ఆ మాటకు మార్కులు వేసే వీలుంటే నూటికి నూరూ వేసేదాన్ని.

అయితే కవులు చెప్పినదాంట్లో ఒక్క సంగతి మాత్రం ఈ తీరానికి అక్షరాలా సరిపోతుంది. శరత్తులో హంసలు తిరిగి వస్తాయన్నారు. వస్తాయి.

హంస అంటే ఏ పక్షి అన్న ప్రశ్నను పండితులు ముడివేసినట్టే వేసి మళ్ళీ విప్పుతూంటారు. వేసవిలో టిబెట్టులోనూ, లడఖులోనూ ఎత్తయిన సరస్సుల దగ్గర పిల్లల్ని పెంచుకుని, చలి ముదరగానే హిమాలయాలు దాటి మన దేశంలోకి దిగివచ్చే పెద్ద బాతు ఒకటుంది. తెల్లని తల, దాని వెనుక రెండు నల్లని అడ్డపట్టీలు. ఏడువేల మీటర్ల పైయెత్తున కూడా అది ఎగరగలదని శాస్త్రజ్ఞులు దాని ఒంటికి చిన్న యంత్రం కట్టి మరీ తెలుసుకున్నారు. మేఘదూతంలో తామరతూళ్ళు దారిబత్తెంగా పట్టుకుని మబ్బు వెంట కైలాసందాకా వెళ్ళే రాజహంసలు ఈ బాతులేనని కొందరు పెద్దల అభిప్రాయం. వానలకు ముందు ఉత్తరానికి పోవడం, శరత్తులో దక్షిణానికి రావడం చూస్తే రాకపోకల లెక్కలో కవులు తప్పేమీ చేయలేదు.

మన పత్రికలవాళ్ళు మాత్రం ఆ రాజహంస బిరుదును తీసుకుపోయి వేరొక పక్షికి కట్టబెట్టారు. అదే ఫ్లెమింగో. దాన్ని చూడాలంటే సూళ్లూరుపేటకు వెళ్ళాలి.

సూళ్లూరుపేట 2022లో జిల్లాలు విడదీసినప్పుడు నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలోకి వెళ్ళింది గాని, ఊరు ఉన్నచోటనే ఉంది. చెంగాళమ్మ గుడీ ఉన్నచోటనే ఉంది. రాత్రింబవళ్ళు తలుపులు మూయని గుడి అది. అక్కడినుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు పద్దెనిమిది కిలోమీటర్లు. ఆ రోడ్డు సరస్సును నడిమికి కోసుకుంటూ పోతుంది. ఎడమవైపు నీళ్ళు, కుడివైపు నీళ్ళు, నడుమ తారు. 1971లో శ్రీహరికోట నుంచి మొదటి చిన్న రాకెట్టు లేచిన నాటినుంచి, 2023 జూలైలో మూడవ చంద్రయానం లేచిన నాటివరకు, ఆకాశంలోకి పోయేవి చూడడానికి జనం తండోపతండాలుగా వస్తూనే ఉన్నారు. ఆకాశంలోనుంచి దిగేవాటిని చూడడానికి వచ్చేవాళ్ళు తక్కువ. 2025 జనవరిలో మూడు రోజులపాటు ఫ్లెమింగో పండగ జరిపారు. పండగ మూడు రోజులు పోతే మిగిలిన నెలలన్నీ పక్షులవీ, జాలరులవీనూ.

పులికాట్ సరస్సు అంటేనే అందరికీ తెలుస్తుంది గాని దీని అందమైన పేరు ప్రళయకావేరి. స. వెం. రమేశ్ గారి ‘ప్రళయకావేరి కథలు’ చదివినవాళ్ళకు ఈ పేరు చెబితే వేరే వర్ణన అక్కరలేదు. చిలకా తరువాత మన దేశంలో ఉప్పూ తీపీ కలిసిన నీటి సరస్సుల్లో ఇదే పెద్దది. ఉత్తర దక్షిణాలుగా అరవై కిలోమీటర్ల పొడుగు. ఎక్కువ భాగం మనది, దక్షిణపు కొస తమిళనాడుది. స్వర్ణముఖి, కాళంగి, ఆరణి నదుల తీపినీళ్ళు ఒకవైపునుంచి, ముఖద్వారాల గుండా సముద్రపు ఉప్పునీళ్ళు మరొకవైపునుంచి వచ్చి ఇందులో కలుస్తాయి. ఇంత పెద్ద సరస్సు గదా, లోతెంత ఉంటుందో అనుకుంటారు. చాలా చోట్ల నడుము దాటదు. వేసవిలో ఉత్తరభాగం ఎండి బీటలు వారుతుంది. శరత్తు వానలకు మళ్ళీ నిండుతుంది. పిల్లలు నవ్విన ఆ గొడుగుల శరత్తే లేకపోతే ఇక్కడ చారెడు నీళ్ళుండవు, పక్షీ ఉండదు.

ఈ లోతులేనితనంలోనే ఉంది కిటుకంతా. బురద మీద జానెడు నీళ్ళు నిలిచిన చోట పక్షులకు అన్నం వడ్డించినట్టే. అందులోనూ పంక్తి భేదం ఉంది. కాళ్ళూ ముక్కూ పొట్టిగా ఉన్న ఉల్లంకి పిట్టలు తడి బురద అంచున పరుగులు తీస్తూ పైపైన పొడుచుకుంటాయి. వాటికంటె పొడుగుకాళ్ళవి చీలమండ లోతులో నిలిచి, సూదివంటి ముక్కును కళ్ళదాకా దిగేసి లోపలి పురుగుల్ని లాగుతాయి. ఎర్రని పుల్లల్లాంటి కాళ్ళమీద నిలబడ్డ నల్లరెక్కలవి మోకాలి లోతులో ఉంటాయి. ఇంకా లోపల, పిక్కలు మునిగే చోట, ఫ్లెమింగోలు. కాలి పొడుగును బట్టి కాపురం. ఒకరి విస్తట్లో ఒకరు చెయ్యి పెట్టరు. మా ఇళ్ళల్లో పెళ్ళి భోజనాల దగ్గర ఇంత క్రమశిక్షణ నేనెన్నడూ చూడలేదు.

నిరుడు కార్తికంలో, రెండు వానల నడుమ తెరిపి చూచుకుని, నేనూ మా తమ్ముడూ ఈ సరస్సుకు వెళ్ళాము. వాడికి బ్యాంకులో పని. ప్రాణం మాత్రం ఫొటోల్లో ఉంది. అయిదు వందల మిల్లీమీటర్ల లెన్సు ఒకటి కొన్నాడు. ఫిరంగిలా ఉంటుంది. దాని ధర ఎంతో వాడు ఇంట్లో చెప్పకుండా దాచాడు గాని, మా అమ్మ రశీదు చూచి, “దీంతో రెండు పాడిగేదెలు వచ్చేవి కదరా” అన్నది. అప్పటినుంచి మా ఇంట్లో దాని పేరు రెండు గేదెలు. “రెండు గేదెల్ని సంచిలో పెట్టావా?” అని అడిగి మరీ రైలెక్కించింది.

వాడి కోరిక ఒక్కటే. ఫ్లెమింగో రెక్క విప్పినప్పుడు ఫొటో తీయాలి. చూడనివారికి చెబుతున్నాను: నీళ్ళల్లో నిలబడి ఉన్న ఫ్లెమింగో దూరానికి దాదాపు తెల్లగా కనిపిస్తుంది. ఎక్కడో ఇంత గులాబిరంగు చిలికినట్టుంటుంది, అంతే. అసలు రంగంతా రెక్కల్లో మడిచి దాచుకుంటుంది. రెక్క విప్పితే కుంకుమ ఎరుపు, దాని అంచున కాటుక నలుపు. పెట్టెలోంచి పట్టుచీర తీసి విదిలించినట్టుంటుంది. మూడు శరత్తులుగా వచ్చి వెళుతున్నా ఆ పట్టుచీర వాడి కెమెరాకు చిక్కలేదు.

తెల్లవారుజామున అయిదింటికి రోడ్డు మీదికి చేరాము. అక్కడొక పల్లె దగ్గర ఒక జాలరి పెద్దాయన మాకు తోడు దొరికాడు. అరవై దాటి ఉంటాయి. ఎక్కడ బురద కాలు పట్టుకుంటుందో, ఎక్కడ పట్టుకోదో తెలిసిన మనిషి. ఆయన వెనుక, ఆయన అడుగులో అడుగు వేసుకుంటూ అరకిలోమీటరు నడిచాము. తూర్పున శ్రీహరికోట చెట్ల మీదుగా వెలుగు వస్తోంది. ముందు వినిపించింది గాని కనిపించలేదు. సంతలో దూరంనుంచి వినిపించే మాటల కలగాపులగంలా ఒక గోల. వెలుగు పెరిగిన కొద్దీ నీళ్ళమీద ఒక తెల్లని గట్టు కనిపించింది. ఆ గట్టు కదిలింది.

“ఎన్ని ఉంటాయి పెద్దయ్యా?” అన్నాను.

“ఎవురు లెక్కబెట్నారమ్మా? వేలు ఉండాయి” అన్నాడు. మునుపు వాళ్ళు వీటిని కొంగలనే అనేవాళ్ళట. పండగకు రంగుల బోర్డులు కట్టినప్పటినుంచి “ప్లమింగోలు” అయ్యాయట.

తమ్ముడు తడి బురదలో గోనెపట్టా పరచుకుని బోర్లా పడుకుని రెండు గేదెల్నీ మోచేతుల మధ్య నిలబెట్టాడు. పక్షి కంటికి సమానంగా కెమెరా ఉండాలని వాడి పట్టు. అరగంట అయింది. పక్షులన్నీ తలలు నీళ్ళల్లో దించి తమ పని తాము చూచుకుంటున్నాయి. ఒక్కటీ రెక్క విప్పలేదు.

అప్పుడు పెద్దాయన మెల్లగా అడిగాడు. “సార్, ఎగరగొట్టేదా?”

తమ్ముడు తల తిప్పాడు.

“రెండొందలు ఇస్తారు సార్. కార్లల్లో వచ్చేవోళ్ళంతా అదే అడగతారు. నేనా పక్కగా నీళ్ళల్లో నడిచిపోయి తువ్వాల ఇసురుతా. మొత్తం లేస్తాయి. మీరు ఈడనే పడుకోని తీసుకోవచ్చు.”

తమ్ముడు నావైపు చూశాడు. చిన్నప్పుడు బొమ్మల దుకాణం ముందు నిలబడి మా నాన్నవైపు చూచేవాడే, అచ్చం ఆ చూపు. మూడేళ్ళ కోరిక రెండువందలకు వస్తుంటే ఎవరికి మాత్రం నోరూరదు? నేను వద్దన్నాను.

“లేచినా మళ్ళా దిగతాయి గదమ్మా. యాడికి పోతాయి?” అన్నాడు పెద్దాయన. ఆ మాటలో మోసం ఏమీ లేదు. చూచేవాళ్ళందరికీ అలాగే అనిపిస్తుంది. లేస్తాయి, ఒక చుట్టు చుట్టి దిగుతాయి. దానివల్ల వాటికేమి నష్టం?

నష్టం కంటికి కనిపించేది కాదు. ఫ్లెమింగో పిచ్చుకలా ఉన్నచోటినుంచి ఎగరలేదు. ఒళ్ళు బరువు. నీళ్ళమీద గబగబా పరుగెత్తి, ఊపందుకుని లేవాలి. ఎడ్లబండిని ఎత్తు ఎక్కించినంత పని. దాని తిండి చూస్తే ఆవగింజంత పురుగులూ, నీటిపాచీ, బుల్లి రొయ్యలూను. గంటలకొద్దీ తల దించితేగాని కడుపు నిండదు. ఇక చిన్న పిట్టల సంగతి చెప్పనే అక్కరలేదు. పక్కన సూదిముక్కులు దిగేసి తిరిగే పిట్టల దాయాది ఒకటి, అయిదు నెలల పిల్ల, 2022 అక్టోబరులో అలాస్కాలో లేచి ఆస్ట్రేలియా దగ్గరి టాస్మేనియాలో దిగింది. పదమూడువేల అయిదువందల కిలోమీటర్లకు పైగా, పదకొండు రోజులు, నడుమ ఎక్కడా కాలు మోపలేదు. ఆ జాతికి దారిబత్తెం తామరతూళ్ళు కాదు, ఒంట్లో పట్టిన కొవ్వు. శీతకాలమంతా ఇటువంటి బురదల్లో తిన్నదే మళ్ళీ వెళ్ళే దారికి బత్తెం. తువ్వాలు విసిరినప్పుడల్లా ఆ మూటలోంచి ఇంత రాలుతుంది. చట్టం కూడా ఉంది. ఈ సరస్సులో మనవైపు భాగాన్ని 1976లో అభయారణ్యంగా ప్రకటించారు. అభయారణ్యంలో ప్రాణుల్ని వేధించడం 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద నేరమే.

ఇదంతా పంతులమ్మను గనుక కాస్త వివరంగానే చెప్పాను. పెద్దాయన బురదలో గొంతుకూర్చుని శ్రద్ధగా విన్నాడు. విని,

“తిండి సంగతి నాకు చెబతా ఉండావా అమ్మా?” అన్నాడు. “నాలుగు దినాలుగా వలలో ఏం పళ్ళేదు.”

కోపంగా అనలేదు. అందుకే నాకు జవాబు దొరకలేదు. రాయదొరువు దగ్గర సముద్రపు ముఖద్వారం ఇసుకతో పూడుకుపోతూ ఉంటుంది. పూడితే ఉప్పునీళ్ళు లోపలికి రావు, వాటితోపాటు వచ్చే రొయ్యా, చేపపిల్లా రావు. పక్షి తినే బురదా, మనిషి వల వేసే నీళ్ళూ ఒకే సరస్సువి. దాని గొంతు బిగిస్తే ఇద్దరికీ ఒకటే అవస్థ. ఆ మనిషికి నేను పక్షి ఆకలి గురించి ఉపన్యాసం చెబుతున్నాను.

తమ్ముడే తేల్చాడు. జేబులోంచి రెండువందలు తీసి, “ఎగరగొట్టకుండా మాతో కూర్చో పెద్దాయనా” అన్నాడు.

“ఎగరనిదానికి దుడ్లా?” అని ఆయన నోరంతా తెరిచి నవ్వాడు. నోట్లు మడిచి తలగుడ్డలో దోపుకున్నాడు. కొత్త బేరం కుదిరింది.

తరువాత మూడు గంటలూ నేను చూచినదాన్ని ఏ ఫొటో చూపించదు. ఫ్లెమింగో తినేటప్పుడు తల తలకిందులు చేస్తుంది. నడిమికి విరిగినట్టున్న ఆ వంకరముక్కు అప్పుడుగాని తిన్నగా పనిచేయదు. నాలుకను పంపులా ఆడించి బురదనీళ్ళు లోపలికి లాగుతుంది, ముక్కు అంచులనున్న సన్నని దువ్వెన పళ్ళలోంచి బయటికి చిమ్ముతుంది. తిండి లోపల నిలుస్తుంది, బురద బయటికి పోతుంది. హంస పాలూ నీళ్ళూ వేరుచేయడం ఎవరూ చూడలేదు. బురదా మెతుకూ వేరుచేసే పక్షి మాత్రం నా ఎదుట వేలకొద్దీ నిలబడి ఉంది. పత్రికలవాళ్ళు ఇచ్చిన బిరుదు మీద నాకున్న విసుగు అప్పుడు సగం తగ్గింది.

మిగతా సగం పాల సంగతి తలుచుకుంటే తగ్గుతుంది. గుజరాత్‌లో కచ్ రణ్ ఉప్పు బయళ్ళలో ఇవి బురదను కుండ బోర్లించినట్టు పోగుచేసి, దానిమీద ఒక్క గుడ్డు పెడతాయి. సాలిం అలీగారు 1945లో ఆ గూళ్ళ బస్తీకి వెళ్ళి చూచి వ్రాశారు. పిల్ల బయటపడ్డాక తల్లీ తండ్రీ ఇద్దరూ తమ గొంతులో ఊరే ఎర్రని పాలవంటి ద్రవాన్ని దాని నోట్లో పోస్తారు. పిల్లను పెంచే ఆ రోజుల్లో తల్లిదండ్రుల రెక్కల రంగు వెలిసిపోతుందట. ఆ ఎరుపు వాటికి పుట్టుకతో వచ్చినది కాదు. తిన్న పాచిలోనుంచీ, రొయ్యలోనుంచీ వస్తుంది. పిల్లలు బూడిదరంగులో పుడతాయి, ఆ రంగు రావడానికి ఏళ్ళు పడుతుంది.

పెద్దాయన డబ్బు తీసుకున్నందుకు ఊరికే కూర్చోలేదు. “అదో, ఆ మాసినట్టు ఉండాయి సూడు, అవి పిల్లలు” అని వేలు పెట్టి చూపించాడు. గుంపు అంచున రెండు బూడిదరంగువి. ఒకటి తల దించడం, ముక్కు మునగ్గానే తుళ్ళిపడి ఎత్తడం, పక్కనున్న పెద్దదాన్ని చూడడం, మళ్ళీ దించడం. మరొకచోట ఒక పక్షి ఉన్నచోటనే గుండ్రంగా తిరుగుతూ కాళ్ళతో టపటపా బురద తొక్కుతోంది. “కింద ఉండే పురుగు పైకి వస్తది, తొక్కితే” అన్నాడు. “మా ఆడోళ్ళు రొయ్యకి ఇట్లానే తొక్కతారు.” వేసవిలో నీళ్ళు ఏ మూల మిగులుతాయో, పక్షులు ముందు ఎక్కడికి జరుగుతాయో, గాలి ఏ దిక్కునుంచి వీస్తే గుంపు ఏ దిక్కుకు మొగం పెడుతుందో చెప్పాడు. దారినపోయే గూడబాతుల బారును చూపించి, “నేలపట్టు నుంచి వస్తా ఉండాయి. ఆడ పిల్లలు, ఈడ కూడు” అన్నాడు. నేలపట్టు చెరువు చెట్లమీద అవి గూళ్ళు కట్టుకుంటాయి, మేతకు ఇక్కడికి వస్తాయి. పుస్తకాలు రెండు పేజీలు వ్రాసేదాన్ని నాలుగు మాటల్లో చెప్పేశాడు.

మద్రాసులో ఎం. కృష్ణన్ గారని ఒక ప్రకృతి పరిశీలకుడుండేవారు. 1996లో పోయారు. ఆయన తన కెమెరాను వేర్వేరు ముక్కలు కూర్చి తనే అమర్చుకుని, దానికి సూపర్ పాండెరోసా అని పేరు పెట్టుకున్నారు. తీసినవన్నీ నలుపు తెలుపులే. మా తమ్ముడు ఆయన భక్తుడు. “కృష్ణన్ గారికి రంగు అక్కరలేకపోయిందే” అని మెల్లగా గిల్లాను. వాడు బురదలోంచే, “ఆయన ఫ్లెమింగోను చూచి కూడా రంగు వద్దనుకున్నాడంటే మహానుభావుడే అక్కా. నేను బ్యాంకు గుమాస్తాను” అన్నాడు.

పదకొండు దాటాక ఎండ చురుక్కుమంది. నీళ్ళమీద ఆవిరి లేచి పక్షుల బొమ్మలు వణకడం మొదలుపెట్టాయి. ఇక ఫొటోలకు పనికిరాదని రోడ్డు గట్టుకు వచ్చి, తెచ్చుకున్న పులిహోర పొట్లాలు విప్పాము. పెద్దాయనకూ ఒకటి ఇచ్చాము. అప్పుడొక కారు వచ్చి ఆగింది. భార్యాభర్తలు, ఇద్దరు చిన్నపిల్లలు. పిల్లలు తెల్లని గట్టును చూచి, “ఎక్కడ నాన్నా పింక్ పక్షులు? అన్నీ తెల్లగా ఉన్నాయే” అని ఏడుపుమొగం పెట్టారు. ఆ తండ్రి అటూ ఇటూ చూచి, పెద్దాయనను పిలిచాడు. ఏమి మాట్లాడుకున్నారో వినబడనక్కరలేదు.

పెద్దాయన చెయ్యి కడుక్కుని మాదగ్గరకు వచ్చాడు. అడగకుండా పోలేదు, అది చెప్పుకోవాలి. “మీ బేరం పొద్దుగాల్టికి గదమ్మా?” అన్నాడు.

ఏమనాలి? ఇంకో రెండువందలు ఇచ్చి ఆపవచ్చు. ఆ తరువాత మరొక కారు వస్తుంది. చట్టం ఉన్నదని అరవవచ్చు. అరిస్తే ఆ పిల్లల తండ్రి కారెక్కి వెళ్ళిపోతాడు, ఈ మనిషి నాలుగు దినాల ఖాళీ వలతో ఇక్కడే ఉంటాడు. నేను మాట్లాడేలోపలే ఆయన తువ్వాలు భుజాన వేసుకుని నీళ్ళల్లోకి దిగాడు.

లేచాయి. ముందు అంచున నాలుగు మెడలు నిటారుగా నిలిచాయి. గోల ఆగిపోయింది. తరువాత గుంపంతా ఒక్కసారి నీళ్ళమీద పరుగు. వేల కాళ్ళ చప్పుడు వానజల్లులా వచ్చింది. ఒక్కొక్క రెక్కే విచ్చుకుని, తెల్లని గట్టంతా ఎర్రబడి, నల్లబడి, మళ్ళీ ఎర్రబడి, మా తలలమీదుగా తిరిగింది. పిల్లలు కేరింతలు కొట్టారు. కళ్ళు మూసుకున్నానని చెబితే అబద్ధం. రెప్ప వేయకుండా చూశాను. అంత అందమైనదాన్ని మళ్ళీ చూస్తానో లేదో తెలియదు. నా పక్కన పులిహోర పొట్లం నేలమీద పడి ఉంది, తమ్ముడి కెమెరా టకటకా కొట్టుకుంటోంది.

గుంపు దక్షిణంగా పోయి దూరాన దిగింది. వాచీ చూచుకున్నాను. దిగిన తరువాత అవి తలలు దించలేదు. మెడలు నిలబెట్టుకుని అలాగే నిలుచున్నాయి. మొదటి తల నీళ్ళల్లోకి దిగేసరికి ముప్ఫై అయిదు నిమిషాలు పట్టింది. బూడిదరంగు పిల్లలు రెండూ ఎక్కడ ఉన్నాయో ఎంత వెతికినా లెన్సుకు చిక్కలేదు. కారు అప్పటికే వెళ్ళిపోయింది.

శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో ఏటా శరత్తులో వచ్చి చెట్లమీద గూళ్ళు పెట్టే గూడబాతుల్ని ఊళ్ళోవాళ్ళే కాపాడుకుంటారని అందరూ ఎత్తి చూపిస్తారు. మంచిదే. అక్కడి పక్షి గ్రామస్థుల పెరటి చెట్టు మీద పిల్లల్ని కంటుంది. ఇంటి ఆడపడుచయిపోయింది. ప్రళయకావేరిలో పక్షికి ఇల్లూ లేదు, పెరడూ లేదు. తిని పోయే అతిథి. దానికి కాపలా ఉండమని జాలరిని అడిగేవాళ్ళు, ఆ కాపలాకు కూలి ఎంతో కూడా చెప్పాలి. పక్షుల్ని చూడవచ్చిన ప్రతివాడూ అటువంటి పెద్దాయన నొకరిని పక్కన కూర్చోబెట్టుకుని చూస్తే, తువ్వాలు విసిరినదానికంటె ఎక్కువే ముడుతుంది ఆయనకు; వచ్చినవాడికీ నాలుగు సంగతులు తెలుస్తాయి. బూడిదరంగు పిల్లను ఆయన చూపించకపోతే నేను చూచేదాన్ని కాదు.

ఆ ఫొటో మా ఇంట్లో ముందుగదిలో పెద్దదిగా చట్రం కట్టించి ఉంది. నిజం చెప్పవద్దూ, చాలా బాగుంది. వచ్చినవాళ్ళంతా దాని ముందు ఆగుతారు. “ఎలా తీశావయ్యా!” అంటే తమ్ముడు “అదృష్టం” అంటాడు. నేను కాఫీ కలిపే పనిమీద లోపలికి వెళతాను. పాడిగేదెల మాట మా అమ్మ ఎత్తడం మానేసింది. నా బల్లమీద చిన్నది మరొకటి ఉంది. పొద్దుట తీసినది. మాసిన గుడ్డలాంటి బూడిదరంగు పిల్ల ఒకటి, తల ఎత్తి పక్కకు చూస్తోంది. ముక్కు కొసనుంచి నీటిబొట్టు జారుతోంది. దాన్ని చూచి ఇంతవరకు ఎవరూ ఏమీ అనలేదు.

ఈ ఆశ్వయుజంలో వానలు పట్టిన మూడో రోజున పెద్దాయన ఫోను చేశాడు. మా నెంబరు మనవడిచేత ఎక్కించి పెట్టుకున్నాడట. “అమ్మా, నీళ్ళొచ్చినాయి. అవీ వచ్చినాయి. ఈసారి పొద్దుగాల్టికేనా, దినమంతా బేరమా?” అన్నాడు.

దినమంతా అయితే ఎంత అని అడిగాను.

“అయిదొందలు. కూడు మీదే.”

మా అమ్మ వింటూనే ఉంది. “ఎగరకుండా ఉండడానికి అయిదువందలా!” అని ముక్కుమీద వేలు వేసుకుంది. తమ్ముడు కిటికీ దగ్గర కూర్చుని లెన్సు తుడుచుకుంటున్నాడు. తల ఎత్తలేదు.